మిలోంగాలో ఆడవాళ్లు ఎక్కువ, మగవాళ్లు తక్కువ. ఏం చేయాలి?

చలికాలం:
బెర్లిన్‌లో ఉంటాను, టాంగో మొదలుపెట్టి రెండేళ్లయింది. క్లాసులో జంటలు మారుస్తూ అందరితో చేయిస్తారు కాబట్టి ఇబ్బంది లేదు. మిలోంగాకి, అంటే అందరూ చేరి డాన్స్ చేసే రాత్రికి వెళ్తేనే టెన్షన్. మొన్న శనివారం నాలుగు గంటల్లో నాకు దక్కినవి రెండు తాండాలు (ఒకే జోడీతో వరసగా చేసే నాలుగేసి పాటలు), అంటే ఎనిమిది పాటలు. మిగతా టైమంతా చెప్పు పట్టీ బిగించుకోవడం, మళ్లీ వదులు చేసుకోవడం. మా వరసలో తొమ్మిది మంది ఆడవాళ్లం, మగవాళ్లేమో నలుగురు, వాళ్ల చూపు పాతికేళ్ల అమ్మాయిల మీదే. నాకు 42. నాకు సరిగా రాదనే పిలవట్లేదా? నేనే వెళ్లి అడగొచ్చా?

వేపచెట్టు:
మీకు రాదని కాదండీ, లెక్కే అలా ఉంది. లేచి వెళ్లి అడక్కండి, ఎదుటి మనిషి మొహమాటంతో ఒప్పుకుంటే ఆ నాలుగు పాటలూ ఇద్దరికీ నరకం. కబెసేయో ఉన్నదే అందుకు: దూరం నుంచే చూడటం, చూపు కలిస్తే తల ఊపడం, తిప్పుకుంటే వదిలేయడం. తాండాల మధ్య కోర్తీనా అనే చిన్న సంగీతం ముక్క మోగే ఆ కాసేపు ఫోను, నీళ్లు ముట్టుకోకండి. స్తంభం వెనక కాకుండా వెలుతురున్న చోట కూర్చోండి.

రాత్రిబస్సు:
చూపులతో లెక్క మారదు కదా. లీడ్ చేయడం, అంటే జోడీని నడిపించడం నేర్చుకోండి. 1900 ప్రాంతంలో బ్యూనస్ ఏరిస్‌లో కొరత ఆడవాళ్లకే, వలస వచ్చినవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. అందుకే మగవాళ్లు మగవాళ్లతోనే ప్రాక్టీస్ చేసేవారు, కొత్తగా వచ్చినవాడు ముందు ఫాలో అవ్వడం నేర్చుకునేవాడు. ఇప్పుడు మనం చేస్తే తప్పేంటి? నేను 50 దాటాక మొదలుపెట్టాను. మొదటిసారి ఒక స్నేహితురాలిని నడిపిస్తూ మూల దగ్గర ఎటు తిప్పాలో తెలియక ఆగిపోతే, తను నా వీపు మీద చెయ్యి తీయకుండా ఊపిరి పీల్చుకుంటూ నిలబడింది, తర్వాతి బీటుకి ఇద్దరం కలిసే కదిలాం. ఆ రాత్రి నుంచి గోడవారగా కూర్చోవడం తగ్గింది.

తోలుబూట్లు:
మగవాడిగా ఒక మాట. తెలియని మనిషితో తాండా అంతా సరిగా సాగకపోతే అని భయం, మధ్యలో 'గ్రాసియాస్' (స్పానిష్‌లో థాంక్స్) అంటే ఇక చాలని అర్థం కదా. అందుకని తెలిసినవాళ్ల వైపే చూస్తాం, అది మా తప్పే. నేనిప్పుడు కొత్తవాళ్లని చివరి రెండు పాటలకి పిలుస్తున్నాను, అలా పరిచయమైనవాళ్లతో తర్వాత తాండా మొత్తం చేస్తున్నాను.

చలికాలం:
చాలా థాంక్స్ అండీ. గురువారం ప్రాక్తికాకి, అంటే ప్రాక్టీస్ చేసుకునే చోటికి వెళ్తున్నాను, లీడ్ చేయడానికే. హీల్స్‌తో కుదురుతుందా?

రాత్రిబస్సు:
మొదట్లో మడమ ఎత్తు లేనివి వేసుకోండి, చెప్పు అడుగుభాగం తోలుదైతే తిరగడం తేలిక.