గోల్ఫ్‌లో 24 హ్యాండిక్యాప్‌ను ఏడాదిలో 12కి దించాలి. గుంటూరులో ఉండి కుదురుతుందా?

బ్రాడీపేట_బోగీ:

అందరికీ నమస్కారం. గుంటూరు నుంచి రాస్తున్నాను. వయసు నలభై ఆరు, మిర్చి కోల్డ్ స్టోరేజీ వ్యాపారం. 2021లో టోక్యో ఒలింపిక్స్ మహిళల గోల్ఫ్ చివరి రౌండ్ రోజున తెల్లవారుజామునే లేచి అదితి అశోక్ ఆట చూశాను, ఒక్క స్ట్రోక్ తేడాతో కాంస్యం పోయి నాలుగో స్థానంలో ఆగిపోయిందే, ఆ రోజు నుంచి ఈ ఆట నన్ను వదల్లేదు. ఇప్పుడు నా హ్యాండిక్యాప్ ఇండెక్స్ (ఎంత తక్కువైతే ఆట అంత మెరుగు) 24.3. వచ్చే ఏడాది ఈపాటికి 12 చేయాలని గట్టిగా నిర్ణయించుకున్నాను, ఇంట్లో కూడా చెప్పేశాను.

నా పరిస్థితి చెప్తాను. రౌండ్ ఆడాలంటే హైదరాబాద్ వెళ్లి గోల్కొండ కోట దగ్గరున్న కోర్సులో స్నేహితుడితో కలిసి ఆడతాను, లేదా వైజాగ్ ఈస్ట్ పాయింట్. నెలకి ఒకటో రెండో రౌండ్లు పడతాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అవీ ఉండవు, సరుకు దిగుతుంటే స్టోరేజీ వదిలి కదలడానికి లేదు. మే నెలలో యార్డుకి సెలవులిస్తారు, అప్పుడు కాస్త ఖాళీ దొరుకుతుంది కానీ ఆ ఎండలు మీకు తెలిసినవే. ఇంటి దగ్గర డాబా మీద క్రికెట్ ప్రాక్టీసు వల కట్టించి, మ్యాట్ వేసుకుని పొద్దున్నే ఓ గంట కొడుతుంటాను.

స్కోర్లు 96 నుంచి 102 మధ్యలో వస్తాయి. డ్రైవర్ (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్) బాగా తగిలితే 230 గజాలు వెళ్తుంది, తగలకపోతే కుడిపక్క చెట్లలోకి. మూడేసి పట్‌లు (గ్రీన్ మీద బంతిని హోల్‌లోకి దొర్లించే షాట్‌లు) కొట్టే హోల్స్ కూడా తక్కువేం కాదు. యూట్యూబ్‌లో ఒకాయన పట్టింగే ముందు అంటాడు, ఇంకొకాయన స్వింగ్ మొత్తం మార్చమంటాడు, షాపువాళ్లేమో కొత్త డ్రైవర్ కొనమంటారు. నాకున్న ఆ గంటని దేని మీద పెట్టాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పటమట_పార్‌ఫోర్:

బోగీ గారూ, స్వింగ్ సంగతి తర్వాత, ముందు లెక్క చూడండి. 12 అనగానే కొండంత కనిపిస్తుంది కానీ విడదీసి చూస్తే అంత భయపడాల్సింది లేదు.

2020 నుంచి వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతిలో మీ చివరి 20 స్కోర్లలో బాగా వచ్చిన 8 మాత్రమే తీసుకుని సగటు కడతారు. స్కోరు అంటే నేరుగా మీరు కొట్టిన స్ట్రోకులు కాదు, డిఫరెన్షియల్. గ్రాస్‌లోంచి, అంటే మొత్తం స్ట్రోకుల్లోంచి, కోర్స్ రేటింగ్ (ఆరితేరిన ఆటగాడికి అక్కడ పట్టే స్ట్రోకులు) తీసేసి, మిగిలినదాన్ని 113తో గుణించి, స్లోప్‌తో (మామూలు ఆటగాడికి ఆ కోర్సు ఎంత కష్టమో చెప్పే అంకె) భాగించాలి. ఉదాహరణకి పార్ (బాగా ఆడేవాళ్లకి పట్టాల్సిన స్ట్రోకులు) 72 ఉన్న కోర్సు, రేటింగ్ 71, స్లోప్ 130 అనుకోండి. అక్కడ 99 కొడితే 28ని 113తో గుణించి 130తో భాగిస్తే 24.3. సరిగ్గా ఇప్పుడు మీరున్న చోటు. అదే కోర్సులో 12 రావాలంటే 85 కొట్టాలి. అంటే 14 స్ట్రోకులు తగ్గాలి.

ఆ 85 ఎలా ఉంటుందో చూడండి: పదమూడు బోగీలు (హోల్‌లో పార్ కన్నా ఒకటి ఎక్కువ), ఐదు పార్‌లు. బర్డీ (పార్ కన్నా ఒకటి తక్కువ) ఒక్కటి కూడా అక్కర్లేదు. చాలామంది 12 హ్యాండిక్యాప్ ఆటగాడంటే ఫెయిర్‌వే (పొట్టిగా కత్తిరించిన గడ్డి దారి) మధ్యలోకి 260 గజాలు కొట్టి, జెండా కర్ర పక్కనే బంతి ఆపేవాడనుకుంటారు. నేను ఆడిన 12లు అలా లేరండీ. హోల్‌కి ఒక తప్పు చేస్తారు, రెండోది చేయరు.

ఇంకో విషయం, మీలా తక్కువ రౌండ్లు ఆడేవాళ్లకి ఇది పనికొస్తుంది. మీకు కావాల్సింది ఇరవై మంచి రౌండ్లు కాదు, ఎనిమిది. మిగతా పన్నెండు ఎంత చెడ్డగా ఉన్నా సగటులోకి రావు. దానికి తోడు ఏదైనా ఒక రౌండ్ డిఫరెన్షియల్ మీ ఇండెక్స్ కన్నా కనీసం 7 తక్కువగా వస్తే అదనంగా ఒకటి తగ్గిస్తారు, కనీసం 10 తక్కువైతే రెండు. పైన చెప్పిన కోర్సులో మీరు 90 కొట్టిన రోజున ఆ తగ్గింపు మీకు పడుతుంది.

తొమ్మిది హోల్స్ ఆడినా స్కోరు ఎక్కించండి, 2024 సవరణ తర్వాత అదీ వెంటనే లెక్కలోకి వస్తుంది. మధ్యాహ్నం రైలుకి తిరిగొచ్చేయాలి కాబట్టి తొమ్మిదే ఆడాను అని వదిలేయకండి. ఒక హోల్‌లో పదకొండు కొట్టారే అనుకోండి, హ్యాండిక్యాప్ కోసం నెట్ డబుల్ బోగీ (పార్ మీద రెండు, దానికి మీ హ్యాండిక్యాప్‌కి ఆ హోల్‌లో వచ్చే స్ట్రోకులు కలిపినది) దగ్గర ఆగిపోతుంది, దాని గురించి బెంగ పెట్టుకుని మిగతా హోల్స్ పాడు చేసుకోవద్దు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను, ‘దగ్గరే ఉందిలే, తీసేయ్’ అని స్నేహితులు ఇచ్చే పట్‌లు, టీ (హోల్ మొదట బంతి కొట్టే చోటు) మీద రెండో ఛాన్సులు పూర్తిగా మానేయండి. అలా దిగిన 12తో వేరే కోర్సుకి వెళ్లి ఎవరితోనైనా పోటీకి నిలబడ్డ రోజు మీకే కష్టంగా ఉంటుంది.

మొగల్రాజపురం_మేడమ్:

పార్‌ఫోర్ గారి లెక్కతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఆ 14 ఎక్కడ తగ్గుతాయన్నది నేను చెప్తాను. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నప్పుడు నేర్చుకున్నాను, ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాను, వల, మ్యాట్ బతుకు నాదీను.

కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ లక్షల షాట్‌ల వివరాలు తీసుకుని లెక్కకట్టాడు. బాగా ఆడేవాళ్లకీ మామూలు వాళ్లకీ మధ్య తేడాలో దాదాపు మూడింట రెండు వంతులు 100 గజాల అవతల నుంచి కొట్టే షాట్‌లలోనే ఉందని తేలింది. పట్టింగ్, చిప్పింగ్ (గ్రీన్ పక్క నుంచి కొట్టే చిన్న షాట్‌లు), బంకర్ (ఇసుక గుంట) అన్నీ కలిపితే మిగతా ఒక వంతు. అదితి పేరెత్తారు కదా, టోక్యోలో ఆ అమ్మాయి దూరంలో చాలామంది కన్నా వెనకే ఉండి పట్టింగ్‌తో నెట్టుకొచ్చింది. కానీ ఆమె బంతి ఎక్కువగా ఫెయిర్‌వే మీదే ఉంటుంది కదండీ, ఆమెకి మిగిలిన తేడా పట్టింగ్. మీకు ముందు బంతి కనపడాలి. చెట్లలోకి పోయి దొరకని బంతికి ఒక పెనాల్టీ, మళ్లీ వెనక్కొచ్చి టీ దగ్గర నుంచి మూడో షాట్, అంటే ఒక్క స్లైస్‌కి (కుడికి తిరిగిపోయే షాట్) రెండు స్ట్రోకులు హుళక్కి. రౌండ్‌కి అలాంటివి రెండు ఆపితే నాలుగు వచ్చేసినట్టే.

కొత్త డ్రైవర్ కొనకండి. ఓ వైట్‌బోర్డ్ మార్కర్ పెన్ కొనండి. బంతి మీద, డ్రైవర్ ముఖం తగిలే వైపున రూపాయి బిళ్లంత చుక్క పెట్టి వలలోకి కొట్టండి. తగిలిన చోట ముఖం మీద మచ్చ పడుతుంది, తడి గుడ్డతో తుడిచేయొచ్చు. కుడిచేతి వాటం వాళ్లకి ఆ మచ్చ మడమ వైపు, అంటే షాఫ్ట్ (క్లబ్ కర్ర) వైపు పడుతుంటే బంతి ఇంకా కుడికి తిరుగుతుంది. వలలో బంతి ఎటు వంగిందో మనకి తెలియదు, మచ్చ మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. నాకు మచ్చ మధ్యలోకి రావడానికి స్వింగేమీ మార్చలేదు, బంతి నుంచి ఓ అరంగుళం దూరం జరిగి నిలబడ్డాను, అంతే. మీకు ఇంకోటి అవసరం కావచ్చు. పట్టు కూడా చూసుకోండి, కిందికి చూస్తే ఎడమచేతి వేళ్ల కణుపులు రెండో మూడో కనపడాలి. ఒక్కటే కనపడుతుంటే ముఖం తెరుచుకుని ఉండే అవకాశం ఎక్కువ. బంతి ఎటు బయల్దేరుతుందనేది చాలావరకు ముఖాన్ని బట్టే ఉంటుంది, గాల్లో వంగడమేమో ముఖానికీ క్లబ్ వచ్చే దారికీ మధ్య తేడాని బట్టి.

మ్యాట్‌తో ఒక చిక్కుంది. బంతి వెనక నేలకి తగిలినా క్లబ్ జారి ముందుకెళ్లిపోతుంది, బాగానే తగిలిందనిపిస్తుంది. గడ్డి మీద అదే షాట్ పది గజాలు పోదు. అందుకని బంతికి నాలుగు వేళ్ల వెనక చేతి రుమాలు మడిచి పెట్టి ఐరన్‌లు (ఇనుప తల క్లబ్బులు) కొట్టండి. రుమాలు కదలకూడదు.

పట్టింగ్‌కి మీ హాల్లో టైల్స్ ఉంటే చాలు. రెండు టైల్స్ కలిసే గీత మీద బంతి పెట్టి ఆ గీత వెంటే ఎనిమిది అడుగులు దొర్లాలి. గీత దాటితే ముఖం పక్కకి తిరిగినట్టే. హోల్ వెడల్పు 108 మిల్లీమీటర్లు, మధ్య నుంచి అంచుకి రెండంగుళాల పైచిలుకు. ముఖం ఒక్క డిగ్రీ తప్పితే ఎనిమిది అడుగులకి బంతి అంగుళంన్నర కన్నా ఎక్కువే పక్కకి పోతుంది, అంటే ఒక డిగ్రీ తప్పు దాకా బంతి ఇంకా లోపలికి వెళ్తుంది, రెండు డిగ్రీలైతే వెళ్లదు. పీజీఏ టూర్ ప్రొఫెషనల్స్ కూడా ఎనిమిది అడుగుల నుంచి సగమే వేస్తారు, కాబట్టి అవి పోయాయని బాధపడకండి. మూడు పట్‌లు పడేది దూరం తప్పడం వల్ల, మొదటి పట్ ముప్పై అడుగుల నుంచి కొట్టి ఆరడుగులు పొట్టిగా వదిలేయడం వల్ల. అది టైల్స్ మీద నేర్చుకోలేం. కోర్సుకి వెళ్లిన రోజు అరగంట ముందే చేరి, ప్రాక్టీస్ గ్రీన్ మీద పొడుగు పట్‌లే కొట్టండి, పొట్టివి ఇంట్లో కొడుతున్నారు కదా.

లక్ష్మీపురం_లెఫ్టీ:

అన్నా, నాది మీ ఊరే. ఆశయం మంచిదే, నడుము జాగ్రత్త. అమెరికాలో పోర్ట్‌లాండ్‌కి చెందిన డాన్ మెక్‌లాఫ్లిన్ అనే ఫొటోగ్రాఫర్ 2010లో ఉద్యోగం మానేసి, అంతకుముందు గోల్ఫ్ ఆడిన అనుభవం లేకుండా పదివేల గంటల సాధన మొదలుపెట్టాడు. మొదటి నెలలంతా పట్టర్ ఒక్కటే పట్టుకున్నాడు, హోల్ పక్క నుంచి మొదలుపెట్టి మెల్లగా వెనక్కి జరిగాడు. 2.6 హ్యాండిక్యాప్ దాకా వెళ్లాడు, ఎంత గొప్ప సంగతో చూడండి, ఆ తర్వాత వెన్ను నొప్పి వల్ల ఆగిపోవాల్సి వచ్చింది. సగం దారి పైనే వచ్చేసిన తర్వాత.

రోజూ గంటసేపు సిమెంటు డాబా మీద మ్యాట్ వేసుకుని డ్రైవర్ కొట్టడం నలభై ఆరేళ్ల వెన్నుకి, మణికట్టుకి మంచిది కాదు. మ్యాట్ కింద పాత పరుపు స్పాంజి ముక్క ఒకటి వేయండి. వారంలో రెండు రోజులు బంతి కొట్టకుండా నడుం, తుంటి వ్యాయామాలు చేయండి. ఆ సాయంత్రాలు చిప్పింగ్‌కి వాడుకోవచ్చు. నంబూరు, మంగళగిరి వైపు వెంచర్లలో పార్కులున్నాయి, గడ్డి వేసి ఖాళీగా ఉంటాయి. తెలిసినవాళ్ల వెంచరైతే అడిగి, పిల్లలెవరూ లేనప్పుడు, మెత్తటి ఫోమ్ బంతులతో పది ఇరవై గజాల చిప్‌లు కొట్టండి. అసలు బంతి వద్దు, దాని బరువు 46 గ్రాములే గానీ తప్పు తగిలితే ఎవరి కంటికో ప్రమాదం.

బ్రాడీపేట_బోగీ:

చాలా చాలా థాంక్స్ అందరికీ. మేడమ్ గారు చెప్పిన మార్కర్ పెన్ పని ఈ పొద్దున్నే చేశాను. మచ్చలన్నీ షాఫ్ట్ వైపే, ఒకదాని మీద ఒకటి. ఇన్నాళ్లూ భుజం సరిగ్గా తిరగట్లేదనుకుంటూ దాని మీదే పడ్డాను. లెఫ్టీ తమ్ముడూ, స్పాంజి ముక్క వేయిస్తాను, నంబూరు దగ్గర తెలిసినవాళ్ల వెంచర్ ఉంది, అడుగుతాను.

రెండు ప్రశ్నలు మిగిలాయి. స్లైస్ కుదురుకునే దాకా టీ మీద డ్రైవర్ మానేసి 5 వుడ్‌తో (డ్రైవర్ కన్నా పొట్టి క్లబ్) కొట్టొచ్చా? అలాగే రౌండ్లు నెలకొకటి చొప్పున చల్లుకోవడం మేలా, సీజన్ అయిపోయాక వరసగా ఆడేయడం మేలా?

పటమట_పార్‌ఫోర్:

డ్రైవర్ పూర్తిగా మానొద్దండీ. కుడిపక్క ఓబీ (కోర్సు హద్దు అవతల) గానీ నీళ్లు గానీ ఉన్న హోల్స్ ముందే గుర్తుపెట్టుకుని అక్కడ మాత్రం 5 వుడ్, మిగతా చోట్ల డ్రైవర్. 190 గజాలు ఫెయిర్‌వేలో పడ్డా పార్ 4 మూడు షాట్‌లలో గ్రీన్ మీదికి వస్తుంది, రెండు పట్‌లు, బోగీ. మీకు కావాల్సినవి అవే పదమూడు.

రౌండ్లు మాత్రం గుంపుగా పెట్టుకోండి. నెలకొకటి ఆడితే ప్రతిసారీ మొదటి ఆరు హోల్స్ చేతికి అలవాటు కావడానికే సరిపోతాయి. నా సలహా అక్టోబరు నుంచి జనవరి. వానలు తగ్గాక హైదరాబాద్‌లో శుక్రవారం రాత్రి దిగి, శని, ఆదివారాలు రెండు రౌండ్లు ఆడి సాయంత్రం రైలెక్కండి. రెండో రోజు స్కోరు దాదాపు ఎప్పుడూ మెరుగ్గానే ఉంటుంది, నేను చూసినంతలో. మే నెలని రౌండ్లకి నమ్ముకోకండి, ఆడినా ఆరింటికల్లా మొదటి టీ మీద ఉండాలి, తొమ్మిది హోల్స్‌తో ఆపేయాలి.

మొగల్రాజపురం_మేడమ్:

మే నెలలో ఆడితే గ్లోవ్‌లు రెండు పెట్టుకెళ్లండి, మూడు హోల్స్‌కోసారి మార్చుకుంటూ, తీసినదాన్ని బ్యాగ్‌కి క్లిప్ పెట్టి ఆరేయండి. మన కోస్తా ఉక్కలో చెమటకి పట్టు జారుతుందని తెలియకుండానే గట్టిగా బిగిస్తాం, బిగిస్తే ముఖం మూసుకోదు, బంతి మళ్లీ కుడికే. వైజాగ్‌లో ఇది ఇంకా ఎక్కువ. మచ్చలు షాఫ్ట్ వైపే అన్నారు కదా, రేపు బంతి నుంచి అరంగుళం దూరం జరిగి పది బంతులు కొట్టి, ముఖం ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.