మొహం గుర్తుపట్టకపోతే పొగరేనా?

గోదారిగట్టు:
మొన్న మా బాబాయి కూతురి పెళ్లికి తణుకు వెళ్లా. పందిట్లో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని "నేనెవరో చెప్పరా చూద్దాం" అంది. ఎంత చూసినా తెలియలా. మా అమ్మ వచ్చి "ఒరేయ్, మీ అత్తయ్య రా" అనేసరికి చచ్చినంత పనైంది. సొంత మేనత్త! ఎప్పుడూ ముడేసుకునే మనిషి ఈసారి జుట్టు కత్తిరించుకుంది, కళ్లజోడు కూడా కొత్తది, అంతే, నాకు వేరే మనిషైపోయింది. చిన్నప్పట్నుంచీ ఇంతే, గొంతు నడక బట్టే పోల్చుకుంటా. వీడికి కళ్లు నెత్తికెక్కాయని అందరూ అంటున్నారు, ఆవిడ మాట్లాడట్లా. ఇది పొగరేనంటారా?

కృష్ణాతీరం:
బాధపెట్టాలని కాదు బ్రో, శ్రద్ధ లేకే ఇలా అవుద్ది. మా ఊరి కిరాణా కొట్టాయన ఇరవయ్యేళ్ల తర్వాత వచ్చినోణ్ణి కూడా "ఫలానా వాళ్లబ్బాయివి కదూ" అని ఆపేస్తాడు. అమెరికాలో బారిక్ అనే ఆయన వాళ్లు 1975లో 392 మందికి టెస్ట్ పెడితే, స్కూలు వదిలి 35 ఏళ్లయినోళ్లు కూడా క్లాస్‌మేట్స్ ఫొటోలు దాదాపు 90 శాతం గుర్తుపట్టారు. మనసులో ఉంటే మొహం పోదు.

తెల్లచామంతి:
కృష్ణాతీరం గారూ, ఆ టెస్టులో చూపించింది అప్పటి స్కూలు ఫొటోలే కదండీ, అదే జుట్టు, అదే వయసు, పైగా ఐదు ఫొటోల్లో మనోళ్లెవరో చెప్పడం. పెళ్లి పందిట్లో మారిపోయిన మనిషిని పోల్చడం అలాంటిదా? ఇలా మొహాలు గుర్తుపట్టలేకపోవడాన్ని ప్రోసోపాగ్నోసియా అంటారు, ఆ పేరు 1947లో బోడామర్ అనే జర్మన్ డాక్టర్ పెట్టాడు. తలకి దెబ్బ తగిలి కొందరికి వస్తే కొందరికి పుట్టుకతోనే ఉంటది. ఆలివర్ సాక్స్ పెద్ద న్యూరాలజిస్టు, ఆయనకీ ఉండేది, అద్దంలో తన మొహాన్నే ఎవరో గడ్డమాయన అనుకుని సారీ చెప్పిన సందర్భాలున్నాయి. తన మొహం మీద ఆయనకి శ్రద్ధ లేదంటారా? మీ కొట్టాయన రెండో కొసన ఉండొచ్చు, అలా ఒక్కసారి చూస్తే మర్చిపోనోళ్లని లండన్ పోలీసులు సీసీటీవీ ఫుటేజీ చూడ్డానికి పెట్టుకున్నారు. ఇద్దర్నీ ఒకే త్రాసులో తూచకండి ప్లీజ్.

కృష్ణాతీరం:
పుట్టుకతో అంటే ఒప్పుకుంటా అండీ, శ్రద్ధ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఆ సంగతి ఇన్నేళ్లలో ఇంట్లో చెప్పకపోవడం మాత్రం తప్పే. అందరి ముందూ చిన్నబోయింది ఆ పెద్దావిడ, ఆవిడకేం తెలుసు?

గోదారిగట్టు:
నిజమే అన్నా, దీనికో పేరుందని నాకే ఇవాళ తెలిసింది. పొద్దున అత్తయ్యకి ఫోన్ చేశా, ఎత్తలా. ఆదివారం మళ్లీ తణుకు వెళ్తున్నా.