పెళ్లయిన తొమ్మిదేళ్లకు మొదటి ట్రిప్, మాల్దీవులు. వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి

అలిపిరి మెట్లు:

తిరుపతిలో కాపురం ఉన్నవాళ్లకు నా బాధ వేరే చెప్పక్కర్లేదు. పెళ్లయి తొమ్మిదేళ్లు, ఇంతవరకు మేమిద్దరం సరదాగా ఎక్కడికీ పోయింది లేదు. బ్రహ్మోత్సవాలకని ఒక జట్టు దిగుతుంది, ఎండాకాలం వస్తే పిల్లల పుట్టు వెంట్రుకలని ఇంకో జట్టు, మధ్యలో ‘ఒక్క మూడొందల టికెట్ చూడు నాయనా’ అని ఫోన్లు. మాది ఇల్లు కాదు, టీటీడీ వసతి గృహం విష్ణు నివాసానికి అనుబంధం. మేం తిరిగినవన్నీ కలిపితే కాణిపాకం, శ్రీకాళహస్తి, అరుణాచలం. ఈ ఏడాది మా ఆవిడ ఒకే మాట చెప్పింది, ఈసారి గుడి లేని చోటికి తీసుకుపో అని.

చీటీ పాడాను, చేతికి డబ్బు వచ్చింది. ఇద్దరికీ కలిపి 2.2 లక్షలు అనుకున్నాం. జనవరి చివర్లో నాలుగు రాత్రులు, బెంగళూరు నుంచి మాలేకి విమానం. ఏజెంటు నీళ్ల మీద కట్టిన గదుల ఫోటోలు పంపాడు, వాటర్ విల్లా అంటాడు, చూస్తే కళ్లు తిరుగుతున్నాయి కానీ మాకు ఈత రాదు. తలకోన జలపాతం కింద నిలబడ్డమే మా అనుభవం. మా ఆవిడ శాకాహారి, గుడ్డు కూడా తినదు. రిసార్టుకు పోవడానికి సీప్లేన్, అంటే నీళ్ల మీద దిగే చిన్న విమానం, ఎక్కాలంటున్నాడు, దాని డబ్బు ప్యాకేజీలో ఉందా లేదా అంటే ‘చూద్దాం సార్’ అంటున్నాడు. వెళ్లొచ్చినవాళ్లు నిజం చెప్పండి, ఎక్కడ దెబ్బ తింటాం?

మదనపల్లె టమాటా:

అన్నా, గది సంగతి తర్వాత, ముందు విమానం మాలేలో ఎన్నింటికి దిగుతుందో చూడు. సీప్లేన్లు వెలుతురు ఉన్నంతసేపే ఎగురుతాయి, రాత్రిపూట లేవు. మా ఏజెంటు ఈ ముక్క చెప్పలేదు. మేం సాయంత్రం ఐదుకు దిగాం, పెట్టెలు తోసుకుంటూ కౌంటరు దగ్గరికి పోతే అక్కడి అబ్బాయి నవ్వుతూ రేపు పొద్దున రండి అన్నాడు. ఆ రాత్రి విమానాశ్రయం పక్కనున్న హుల్హుమాలేలో ఒక చిన్న హోటల్లో సొంత డబ్బుతో పడుకున్నాం, అక్కడ రిసార్టులో మేం డబ్బు కట్టిన గది ఖాళీగా ఉంది. నాలుగు రాత్రుల్లో ఒకటి అలా పోయింది. మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. మధ్యాహ్నం మూడున్నర లోపు దిగేలా ఉంటేనే సీప్లేన్ రిసార్టు తీసుకో, వచ్చేటప్పుడు కూడా పొద్దున్నే విమానం పెట్టుకోకు, అదే తలనొప్పి. అంత ఖర్చు వద్దనుకుంటే మాలేకి దగ్గర్లో స్పీడ్ బోటులో పోయే రిసార్టులు చాలా ఉన్నాయి, అవి రాత్రి కూడా తీసుకుపోతాయి. నువ్వు చెప్పిన డబ్బుకు అదే సరి. సీప్లేన్ ఛార్జీ మనిషికి వందల డాలర్లలో ఉంటుంది, ‘చూద్దాం సార్’ అన్నాడంటే లేదనే అర్థం.

వీసాకు భయం లేదు, దిగాక ఉచితంగా ముద్ర వేస్తారు, రిటర్న్ టికెట్, గది బుకింగ్ చూపిస్తే చాలు. ప్రయాణానికి 96 గంటల లోపు ఇముగా అని ఒక ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. అది కూడా ఉచితమే. డబ్బులడిగే దొంగ సైట్లు ఉన్నాయి, మా బావమరిది ఒకదానికి కట్టేశాడు. వాళ్ల ఇమిగ్రేషన్ సైట్‌లోనే చెయ్యి.

ఊరుబిండి:

తమ్ముడూ, నేను కూడా శాకాహారినే కాబట్టి తిండి సంగతి నాకు వదిలెయ్. ఒక దీవికి ఒకటే రిసార్టు, బయటికి పోయి టీ తాగుదామంటే చుట్టూ సముద్రమే. మేం చవకని బ్రేక్‌ఫాస్ట్, రాత్రి భోజనం మాత్రమే ఉన్న ప్యాకేజీ తీసుకున్నాం. మధ్యాహ్నం ఆకలేసి ఒక వెజ్ ఫ్రైడ్ రైస్ చెప్తే 24 డాలర్లు, దాని మీద ప్లస్ ప్లస్. ఈ ప్లస్ ప్లస్ ఏంటో ముందే తెలుసుకో. 10 శాతం సర్వీసు చార్జీ, ఆ మొత్తం మీద 17 శాతం పన్ను, అంటే వంద డాలర్లని రాసింది బిల్లు వచ్చేసరికి 128 దాటుతుంది. ఇది కాక పర్యావరణం పేరుతో వేసే గ్రీన్ ట్యాక్స్ మనిషికి రాత్రికి 12 డాలర్లు. మీ ఇద్దరికీ నాలుగు రాత్రులకు 96 డాలర్లు. ఏజెంటు చెప్పిన ధరలో ఇవన్నీ కలిశాయా అని వాట్సాప్‌లో రాయించుకో, నోటిమాట వద్దు. మూడు పూటలా భోజనం ఉన్నది తీసుకుంటేనే కడుపు నిండా తిని నిద్రపోతావు. రిసార్టుకు ముందే మెయిల్ పెట్టి గుడ్డు కూడా తినం అని విడిగా రాయండి, చాలాచోట్ల వెజిటేరియన్ అంటే గుడ్డు తింటారనుకుంటారు. మాకు దొరికిన వంటాయన కేరళ మనిషి, రెండో రోజు నుంచి నాకని సాంబారు పెట్టాడు. అయినా పెట్టెలో ఒక డబ్బా ఇడ్లీ పొడి, కాస్త వేరుశనగ పొడి వేసుకోండి.

ఇంకో మాట, మన ఊరివాళ్లు తప్పక చేసే పని కాబట్టి చెప్తున్నా. ఎక్కడికి పోయినా సంచిలో చిన్న వేంకటేశ్వరస్వామి విగ్రహం పెట్టుకుంటాం కదా, అక్కడికి వద్దు. పూజకు వాడే విగ్రహాలు ఆ దేశంలోకి తేకూడని వస్తువుల్లో ఉన్నాయి, మందు సీసాలు, పంది మాంసంతో పాటు. స్వామిని ఫోన్లో పెట్టుకుని దణ్ణం పెట్టుకోండి. లడ్డూ మేం తీసుకుపోయాం, ఎవరూ ఏమీ అనలేదు. ఆ కేరళ వంటాయనకు సగం ఇచ్చాం, ఆయన రెండు చేతులూ కడుక్కొని వచ్చి తీసుకున్నాడు.

ఈత రాదని నీళ్లలోకి దిగకుండా రావద్దు. లైఫ్ జాకెట్ వేసి, కళ్లకూ ముక్కుకూ మాస్కు, నోట్లో గాలి గొట్టం పెట్టి, చెయ్యి పట్టుకుని తీసుకుపోతారు. నేను మొదట మాస్కులోంచి ముక్కుతో గాలి పీల్చబోయి ఉక్కిరిబిక్కిరయ్యా, మా ఆయన నవ్వాడు, ఆయనకు కూడా అదే జరిగింది. నోటితో పీల్చడం అలవాటయ్యాక ఒక్కసారి తల నీళ్లలో పెడితే, ఎవరో పక్కన కూర్చుని మురుకులు నములుతున్నట్టు పటపట చప్పుడు. ఏంటా అని చూస్తే పచ్చగా నీలంగా ఉన్న చేప పగడాన్ని కొరుక్కుని తింటోంది. చిలక చేప అంటారట, ముక్కు కూడా చిలక ముక్కే. అది తిన్న పగడమే దాని కడుపులోంచి తెల్ల ఇసుకగా బయటికి వస్తుందని గైడు చెప్పాక, ఆ ఒడ్డు మీద పడుకోవడానికి మా ఆయన కాసేపు ఆలోచించాడు.

స్వర్ణముఖి:

అందరూ నన్ను తిట్టినా సరే, 2.2 లక్షలు పెట్టి సముద్రం చూడాలా? 2022లో జిల్లాలు విడగొట్టాక మన తిరుపతి జిల్లాకే సముద్రం వచ్చింది, వాకాడు దగ్గర తూపిలిపాళెం. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి చేపల పులుసు.

సరే, పోవాలనే ఉంటే రెండు రాత్రులు రిసార్టు, రెండు రాత్రులు మాఫుషి లాంటి ఊళ్లున్న దీవిలో గెస్ట్‌హౌస్ తీసుకోండి, ఖర్చు బాగా తగ్గుతుంది. అక్కడ జనం ఉంటారు, కొట్లు, మసీదు, బడి, మామూలు ఊరు. ఈత బట్టలు వాళ్లు కేటాయించిన బీచ్‌లోనే వేసుకోవాలి, ఊళ్లో నిండుగా బట్టలుండాలి, మందు అసలు దొరకదు. మీకు ఇవేవీ ఇబ్బంది కాకపోవచ్చు.

వాటర్ విల్లా మాత్రం మీకొద్దు. ఈత రానివాళ్లు మెట్లు దిగి నేరుగా లోతులోకి పోలేరు, గదిలో కూర్చుని నీళ్లు చూస్తారు, అంతే. ఒడ్డు మీద కట్టిన బీచ్ విల్లా తీసుకోండి. రిసార్టు ఎంచుకునేటప్పుడు గూగుల్ మ్యాప్‌లో పైనుంచి చూడండి. ఫోటోల్లో లేత నీలంగా విశాలంగా కనిపించేది లగూన్, అంటే లోతు తక్కువున్న నీళ్లు, అడుగున ఇసుకే ఎక్కువ, చేపలు తక్కువ. ముదురు నీలం మొదలయ్యే గీత ఒడ్డుకు ఎంత దగ్గరుంటే పగడపు దిబ్బ అంత దగ్గర. 2016లో నీళ్లు వేడెక్కి చాలాచోట్ల పగడాలు తెల్లబడి చచ్చిపోయాయి, కాబట్టి టీవీలో చూపించే రంగులన్నీ ఉంటాయనుకోవద్దు, చేపలు మాత్రం కావలసినన్ని. దిబ్బ మీద కాలు పెట్టొద్దు, అది బతికి ఉన్నది, పైగా బ్లేడులా కోస్తుంది. జారి పడి ఎముక విరిగితే కట్టు కోసం పుత్తూరు దాకా రావాలి. గవ్వలు, పగడపు ముక్కలు ఏరి పెట్టెలో వేసుకోవడం కూడా కుదరదు, పట్టుకుంటారు.

మదనపల్లె టమాటా:

స్వర్ణముఖి గారూ, తూపిలిపాళెంలో పులుసు బాగుంటుంది, ఒప్పుకుంటా. కానీ తొమ్మిదేళ్ల తర్వాత మీ ఇంటావిడను అక్కడికి తీసుకుపోయి చూడండి.

అన్నా, ఒకటి మరిచిపోయా. తిరుపతి ఎండ చూసినవాళ్లం మనకేమవుతుందిలే అనుకున్నా నేను. నీళ్లలో బోర్లా తేలుతూ చేపలు చూస్తుంటే వీపు కాలేది తెలియదు. రెండో రోజుకు కాల్చిన వంకాయ తొక్కలా ఊడింది. పొడుగు చేతుల టీషర్టు వేసుకునే దిగండి.

అలిపిరి మెట్లు:

అందరికీ దండాలు. ఏజెంటును మీరు చెప్పినవన్నీ వరుసగా అడిగాను. ప్యాకేజీలో సీప్లేన్ డబ్బు లేదట, పన్నులు లేవట, భోజనం ఒక్క పూటేనట. అవన్నీ కలిపితే 3 లక్షలు దాటింది. వాడికి నమస్కారం పెట్టి, స్పీడ్ బోటులో పోయే రిసార్టులో బీచ్ విల్లా మూడు పూటలా భోజనంతో నేనే చూసుకున్నాను, పన్నులతో సహా లెక్కలోకి వచ్చింది. ఊరుబిండి అక్కా, మా ఆవిడ నీ రిప్లై రెండుసార్లు చదివింది, గుడ్డు గురించి మెయిల్ తనే రాసింది.

ఇది టైపు చేస్తుండగానే మా చిన్నత్త నుంచి ఫోన్. జనవరి ఆఖర్లో పదకొండు మంది వస్తున్నారట, దర్శనం సంగతి చూడమంటోంది. ఆ వారం మేం ఊళ్లో ఉండం, మాల్దీవులకు పోతున్నాం అన్నాను. కాసేపు మాట లేదు. తర్వాత అడిగింది, అక్కడ ఏ దేవుడురా అని. ఫోన్ మా ఆవిడకిచ్చి వచ్చేశా.