అపోప్టోసిస్‌ని "ఆత్మహత్య" అనడం ఏందబ్బా?

మా అమ్మాయి కావలిలో ఇంటర్ బైపీసీ. నిన్న దాని నోట్సులో అపోప్టోసిస్‌కి, అంటే ఒంట్లో అక్కర్లేని కణం ఒక పద్ధతిగా తనంతట తానే పోవడానికి, "కణ ఆత్మహత్య" అని కనపడింది. ఇంగ్లిషులోనూ అట్టా అనేవాళ్లున్నారు గానీ అసలు గ్రీకు మాటలో హత్య లేదు, చావూ లేదు. 1972లో కెర్, వైలీ, కరీ అనే శాస్త్రవేత్తలు ఈ పేరు పెట్టినప్పుడు మాట సూచించింది అబర్దీన్ యూనివర్సిటీ గ్రీకు ప్రొఫెసర్ జేమ్స్ కార్మాక్. చెట్టు నుంచి ఆకో, పూరేకో రాలడం, అంతే అర్థం. (రెండో 'ప' పలకొద్దని కూడా వాళ్లే రాశారు, మనం మాత్రం పట్టుబట్టి పలుకుతాం.)

మా వాకిట్లో బాదంచెట్టుంది. ఎర్రబడి రాలిన ఆకు తొడిమ కొస నున్నగా, అతుకు ఊడినట్టు ఉంటుంది, అదే తుఫానుకి తెగిన ఆకైతే కొస పీచులు పీచులు. కణమూ అంతే. దెబ్బతిని చచ్చింది పగిలి, లోపలిదంతా ఒలకబోసి చుట్టూ వాపు తెస్తుంది. రాలేది ముడుచుకుని చిన్న చిన్న మూటలవుతుంది, వాటిని పక్క కణాలు మింగేస్తాయి.

కణం రాలకుండా తొడిమలా పట్టి ఉంచేది బీసీఎల్-2 అనే ప్రోటీన్. బ్యాక్స్, బ్యాక్ అనే ప్రోటీన్లు దాని అదుపు తప్పితే, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా పైపొరకి చిల్లులు పెడతాయి, లోపలున్న సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్ బయటికొస్తుంది, దాంతో కాస్పేజులనే ఎంజైములు లేస్తాయి. అవి కత్తెరలే, ప్రోటీన్లో ఆస్పార్టిక్ ఆమ్లం ఉన్నచోట చూసి కత్తిరిస్తాయి. బీసీఎల్-2 మరీ ఎక్కువైతే రాలాల్సిన కణాలు రాలవు, ఒక రకం లింఫోమాలో (లింఫ్ కణాల క్యాన్సర్‌లో) జరిగేది ఇదే. అందుకే తెలుగు పేరుగా నా ఓటు "కణరాల్పు"కి.

వ్యాఖ్య: పండుటాకుకి సరే అన్నా, కడుపులో బిడ్డకి వేళ్ల మధ్య పొర పోయేదీ ఇదే కదా, అవేం పండిన కణాలు?

జవాబు: ఉలవపాడు వైపు మామిడితోటలు చూళ్లేదా తమ్ముడూ? పిందెలు ఎన్ని రాలతాయో! చెట్టు మొయ్యగలిగినన్నే నిలుపుకుంటుంది.

వ్యాఖ్య: "రాల్పు" అంటే ఎవరో రాల్చినట్టుంది సార్. రాలు, రాల్చు వేరు. "కణరాలుడు" అనండి.

జవాబు: "మార్పు" కూడా అట్టాంటిదే కదండీ, దానంతటది మారినా మార్పే అంటాం. పైగా రోగనిరోధక వ్యవస్థలోని టి కణాలు వచ్చి, కణం మీదుండే ఫాస్ అనే గ్రాహకాన్ని తట్టి మరీ రాల్చే సందర్భాలున్నాయి. "రాలుడు"లో అవి ఇమడవు.