షెడ్డుకి దూలాలు కోయించాలి, రెండు మిల్లుల రేట్లకి పొంతనే లేదు. ఎలా లెక్కేయాలి?

కొత్తవడ్రంగి:
అందరికీ నమస్తే. 12×16 అడుగుల చిన్న వర్క్‌షాప్ షెడ్డు కట్టుకుందామని, ఫ్రేము మొత్తం కర్రతోనే, ఇనప ప్లేట్లూ బోల్టులూ లేకుండా కుసి, బెజ్జం పద్ధతిలో (ఒక కర్ర కొసని సన్నగా చెక్కితే అది కుసి, దాన్ని ఇంకో కర్ర బెజ్జంలో దూర్చడం). రెడీగా దొరికే సైజులు కావు కాబట్టి మిల్లులో కోయించాల్సిందే. నా లిస్టు ఇదీ: స్తంభాలు 8×8 అంగుళాలవి 9 అడుగులు ఆరు, గోడల మీద పొడుగు దూలాలు 8×8వి 16 అడుగులు రెండు, అడ్డ దూలాలు 8×10వి 12 అడుగులు మూడు, వాసాలు 4×6వి 9 అడుగులు పది, మూలల్లో ఐమూలగా వేసే బ్రేసులు 4×6వి 4 అడుగుల 3 అంగుళాలు పద్నాలుగు. మొత్తం 83 సీఎఫ్‌టీ (ఘనపు అడుగులు) వచ్చింది. రెండు మిల్లుల్లో అడిగితే మొదటాయన చెప్పిన రేటుకి రెండో ఆయన సీఎఫ్‌టీకి ఒకటిన్నర రెట్లు చెప్పాడు, కర్ర రకం ఒకటే. మొదటాయనకే ఇచ్చేద్దామని ఉంది గానీ ఎక్కడో తిరకాసు ఉందనిపిస్తోంది.

పాతరంపం:
తిరకాసు ఉంది. మొదటాయన దేన్ని కొలిచి రేటు చెప్పాడో అడిగావా? దుంగ కొలతా, కోసిన కొలతా? చాలా చోట్ల దుంగని చుట్టుకొలతతో లెక్కేస్తారు, నడి మధ్యలో తాడు చుట్టి, అందులో నాలుగో వంతు తీసి, దాన్ని దానితోనే గుణించి, పొడవు అడుగులతో గుణించి 144తో భాగించడం. దీన్నే హాపస్ కొలత అంటారు, 1736లో ఆ పేరుగల ఇంగ్లీషాయన పట్టికలు అచ్చేయించాడు, ఇప్పటికీ నడుస్తోంది. గుండ్రటి దుంగలో నిజంగా ఉన్న కర్రలో ఇది 78.5 శాతమే చూపిస్తుంది, అందుకని తరుగు అందులోనే పోయిందిలే అనుకుంటారు జనం. పోదు.

నీ 8×8 స్తంభమే తీసుకో. మూల నుంచి మూలకి 11.3 అంగుళాలు, పైన బెరడు, దుంగ సన్నబడటం కలిపితే 14 అంగుళాల దుంగ కావాలి, అంటే చుట్టుకొలత 44. నాలుగో వంతు 11. పొడవు లెక్కకి సులువుగా 10 అడుగులు అనుకో, 11×11×10÷144, 8.4 సీఎఫ్‌టీకి బిల్లు. అందులోంచి నీ చేతికొచ్చే 10 అడుగుల స్తంభం 8×8×10÷144, అంటే 4.44. మొదటాయన రేటు 1 అనుకుంటే ఈ స్తంభానికి 8.4 కడతావు, కోత కూలి అదనం. రెండో ఆయన కోసిన కొలతకి, కోతతో కలిపి చెప్పి ఉంటే 4.44ని ఒకటిన్నరతో గుణించు, 6.67. ఏది చవకో నువ్వే చూడు.

కాకపోతే మొదటాయన దగ్గర పక్క చెక్కలు నీవే అవుతాయి, గోడలకి పలకలు అందులోంచి వస్తాయి. అవి నీకు పనికొస్తాయో లేదో చూసుకో. అక్కడ రంపం సంగతి కూడా అడుగు, గుండ్రటి రంపం పావు అంగుళం దాకా పొట్టు చేస్తుంది, అంగుళం పలకలు తీస్తే అయిదో వంతు కర్ర పొట్టులోకే. బ్యాండ్ రంపమైతే దాంట్లో సగమే. పెద్ద దూలాలకి ఈ తేడా లెక్కలోకి రాదులే.

కొత్తవడ్రంగి:
ఫోన్ చేశా అన్నా. మీరన్నట్టే మొదటాయనది దుంగ కొలత, కోత కూలి వేరేనట, నేను అడిగితే గానీ చెప్పలేదు. రెండో ఆయన కోసిన కొలతే. థాంక్స్. ఇంకో డౌటు, ఆరిన కర్ర అడగాలా, పచ్చిదే తీసుకోవాలా?

చేవచెక్క:
8 అంగుళాల మందం ఆరాలంటే ఎన్నేళ్లు పడుతుందో తెలుసా, గాలికి ఆరబెడితే అంగుళానికి ఏడాది అని ఉజ్జాయింపు లెక్క. అందుకే ఇలాంటి ఫ్రేములు పచ్చిగా ఉన్నప్పుడే చెక్కి నిలబెట్టేస్తారు, ఉలి కూడా బాగా దిగుతుంది, ఆ తర్వాత నిలబడే ఆరుతుంది. పొడవులో కర్ర తగ్గదనే అనుకోవచ్చు, అడ్డంగా తగ్గుతుంది, వలయాల వెంబడి తగ్గేది కేంద్రం వైపు తగ్గేదానికి దాదాపు రెట్టింపు, పగుళ్లు వచ్చేది అందుకే. వాటికి భయపడి నడిబొడ్డు (దుంగ నట్టనడుమ ఉండే మెత్తటి భాగం) లేని కర్ర కావాలని మాత్రం అడగకండి, ఒక్క 8×8 కోసం దాదాపు రెట్టింపు లావు దుంగ వెతకాలి, రేటు ఎక్కడికో పోతుంది. నడిబొడ్డు సరిగ్గా మధ్యలో పడేలా కోయమనండి, చాలు.

పచ్చి కర్ర బరువు మర్చిపోకండి. సీఎఫ్‌టీకి 23 కిలోల చొప్పున చూసినా మీ సరుకు రెండు టన్నులు, ఒక్క అడ్డ దూలమే 150 కిలోలు దాటుతుంది. బండి కిరాయి, దించే మనుషులు కూడా ఎస్టిమేట్లో రాసుకోండి.

కుసిపోయింది:
83 అనేది తప్పు లెక్క బ్రదర్, నువ్వు ఫ్రేము నిలబడ్డాక కనిపించే పొడవులు రాశావు. కుసులేవీ? కొసల్లో పగిలే ముక్క కోసేయాలి కదా, అదేదీ? నేను ఇదే చేశా, అడ్డ దూలాలు గోడకి గోడకీ మధ్య ఖాళీ కొలిచి రాసిచ్చా, మిల్లాయన అంగుళం తేడా లేకుండా కోసిచ్చాడు, ఆయన తప్పేం లేదు. ఇంటికొచ్చి టేపు పట్టాక అర్థమైంది రెండు వైపులా కుసులకి కర్రే లేదని. నాలుగు దూలాలు, ఇప్పుడవి బెంచీలు. స్తంభాలు 10, పొడుగు దూలాలు 18, అడ్డ దూలాలు 14, వాసాలు 10, బ్రేసులు 5 అడుగులు రాసుకో. 94.3 సీఎఫ్‌టీ వస్తుంది. ఇంకోటి, రఫ్‌గా కోసింది 8 అంటే 8 ఉంటుంది, చిత్రిక పట్టిస్తే తగ్గుతుంది, ఆ మాట కాగితం మీద రాయించుకో.

కొత్తవడ్రంగి:
అమ్మో, బతికించావ్ బ్రదర్. రెండో ఆయనకే ఇస్తున్నా, 94.3 మీద, చిత్రిక లేకుండా. బ్రేసులకి విడిగా 5 అడుగులవి ఎందుకు, పదడుగులవి ఏడు తీసుకుని సగానికి నువ్వే కోసుకో అన్నాడు, వాసాల సైజే కాబట్టి 4×6 పదడుగులవి మొత్తం 17 అని రాసిచ్చా.