వృషణం మెలిక పడిందని అనుమానం వస్తే ముందు డాప్లర్ స్కానా, నేరుగా ఆపరేషనా?

హాస్టల్‌నాన్న:
మావాడు ఇంటర్ ఫస్టియర్, హాస్టల్లో ఉంటాడు. నిద్రలో నొప్పి మొదలైంది. సిగ్గుపడి వార్డెన్‌తో కడుపునొప్పి అన్నాడు. ఆయన గ్యాస్ మాత్ర ఇచ్చి పడుకోమన్నాడు. వాంతులు ఆగకపోయేసరికి అప్పుడు బయటపెట్టాడు, ఎడమ బీజం వాచిందని. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు రక్తం అందుతోందో లేదో చూసే డాప్లర్ స్కాన్ రాశారు. స్కాన్ చేసే డాక్టరు పొద్దున వస్తారన్నారు. వచ్చారు, చేశారు, రక్తం అందడం లేదని రాశారు. థియేటర్లో చూస్తే అప్పటికే నల్లబడిపోయిందట, తీసేశారు. రాత్రంతా మెషిన్ గదికి తాళం ఎందుకుంది? నాకు దీనికి జవాబు కావాలి.

కత్తెర_సూది:
జిల్లా కేంద్రంలో జనరల్ సర్జన్‌ని. మీరు తాళం గురించి అడుగుతున్నారు. నేనైతే ఆ స్కాన్ ఎందుకు రాశారని అడుగుతాను. టీనేజి కుర్రాడు, హఠాత్తుగా నొప్పి, వాంతులు. వృషణం పైకెక్కి గట్టిగా ఉందా, తొడ లోపలివైపు వేలితో గీస్తే పైకి లాక్కుంటోందా అని చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. మెలిక పడ్డ ఆరు గంటల్లోపు విప్పితే నూటికి 90కి పైగా దక్కుతాయి. 12 గంటలకు సగం. 24 దాటితే 10 కూడా కష్టం. ఈ లెక్క ప్రతి సర్జరీ పుస్తకంలో ఉంది. స్కాన్ గది బయట బెంచీ మీద కూర్చోబెట్టడానికి టైమెక్కడిది?

గ్రేస్కేల్:
రేడియాలజిస్టుని. రెండు నిమిషాల్లో తేలిపోయేదైతే మాకు అర్ధరాత్రి ఫోన్లెందుకొస్తాయి సార్? వాచిన ప్రతి వృషణం మెలిక కాదు. వృషణం వెనకుండే ఎపిడిడిమిస్ అనే గొట్టానికి ఇన్ఫెక్షన్ ఉంటుంది, గవదబిళ్ళల తర్వాత వచ్చే వాపు ఉంటుంది. పదేళ్ల పిల్లల్లో అయితే వృషణం పైనుండే చిన్న తొడిమ ఒక్కటే మెలిక పడుతుంది. దానికి నొప్పి మాత్ర, విశ్రాంతి చాలు. వీళ్లందరినీ కోసేద్దామా?

కత్తెర_సూది:
అందరినీ కోయమని ఎవరన్నారు మేడమ్? మెలిక అవకాశం ఎంతో లెక్కగట్టే ట్విస్ట్ స్కోర్ 2013లో వచ్చింది. వాపుకు 2, గట్టిదనానికి 2, వాంతి లేదా వికారానికి 1, పైకెక్కితే 1, గీసినప్పుడు కదలకపోతే 1. మొత్తం 7. అయిదు, ఆపైన వస్తే థియేటర్. మూడూ నాలుగూ అయితేనే మీ దగ్గరికి పంపాలి.

పెన్నతీరం:
మా బాబాయికి వరిబీజం అని రెండేళ్లు తిప్పారు. చివరికి హెర్నియా. అందుకే స్కాన్ తప్పనిసరి అంటాను.

కత్తెర_సూది:
పెన్నతీరం గారూ, రెండేళ్ల వాపు వేరు, రెండు గంటల నొప్పి వేరు.

హాస్టల్‌నాన్న:
స్కోర్లు మీరు మీరు చూసుకోండి. తాళం సంగతి ఎవరూ చెప్పట్లేదు.

బొబ్బిలి_బుల్లోడు:
క్యాజువాల్టీ డాక్టరే ప్రోబ్ పెట్టి చూసుకోవచ్చుగా? విదేశాల్లో అలాగే చేస్తారట.

గ్రేస్కేల్:
మన దేశంలో అంత సులువు కాదు. ఆడపిల్లల్ని కడుపులోనే చంపకుండా 1994లో తెచ్చిన లింగనిర్ధారణ నిషేధ చట్టం ఉంది. ప్రతి స్కాన్ మెషిన్‌కూ రిజిస్ట్రేషన్ ఉండాలి, దాన్ని వాడే డాక్టరు పేరు అందులో నమోదై ఉండాలి. ఎవరు పడితే వాళ్లు ముట్టుకుంటే మెషిన్ సీజ్ చేస్తారు. మగపిల్లాడి వృషణం చూశామన్నా వినరు. హాస్టల్‌నాన్న గారూ, చాలాచోట్ల ఆ గదికి తాళం పడేది ఇందుకే. పైగా నా పేరు మీద ఊళ్లో ఒకే మెషిన్ ఉంది, రాత్రుళ్లు నేనూ నిద్రపోవాలి.

హాస్టల్‌నాన్న:
మీరు నిద్రపోయారు, మావాడు పోగొట్టుకున్నాడు.

గ్రేస్కేల్:
మీ ఆసుపత్రికి నాకూ సంబంధం లేదు. బాధలో అన్నారని వదిలేస్తున్నా.

కత్తెర_సూది:
ఇంకో మాట. స్కాన్‌లో రక్తం కనిపిస్తోందని ఇంటికి పంపేసి, మర్నాడు నల్లబడి వచ్చిన కేసు చూశాను. రిపోర్ట్ అడుగున "క్లినికల్‌గా సరిచూసుకోండి" అని ఒక లైను. ఇక ఆ రిపోర్ట్ దేనికి?

గ్రేస్కేల్:
ఆ లైను మీరు చదవాలనే రాస్తాం. మెలిక సగమే పడితే ముందు సిర మూసుకుంటుంది, ధమనిలో రక్తం ఇంకా పోతూనే ఉంటుంది. అందుకే వృషణంలో రంగు (స్కాన్‌లో రక్తం కదలిక అలా కనిపిస్తుంది) చూసి వదిలేయకూడదు. నేను ముందు నొప్పి లేని వైపు ప్రోబ్ పెట్టి, అతి నెమ్మదిగా పోయే రక్తం కూడా కనిపించేలా సెట్టింగ్ సరిచేసుకుంటాను. ఏమీ మార్చకుండా అదే సెట్టింగ్‌తో నొప్పి వైపు చూస్తాను. తర్వాత గజ్జ నుంచి కిందిదాకా, వృషణానికి రక్తనాళాలు వచ్చే తాడు పొడవునా వెతుకుతాను, ఎక్కడైనా సుడి తిరిగి ఉందేమోనని. సుడి దొరికితే రంగు ఎంతున్నా మెలికే. ఇంత ఓపిగ్గా చేసినా "దేనికి" అంటారు. సరే, సూటిగా అడుగుతున్నా. కిందటేడాది మీరు స్కాన్ లేకుండా ఎంతమందిని తెరిచారు?

కత్తెర_సూది:
అది ఇక్కడ చర్చ కాదు.

గ్రేస్కేల్:
ఇక్కడ చర్చంతా అదే సార్.

బొబ్బిలి_బుల్లోడు:
పాప్‌కార్న్ తెచ్చుకున్నా.

నిర్వాహకుడు:
బుల్లోడు గారూ, ఒక తండ్రి గోడు చెప్పుకుంటున్న చోట ఇలాంటివి వద్దు.

కత్తెర_సూది:
సరే, వినండి. ఒక కుర్రాడిని స్కాన్ లేకుండానే తెరిచాను. మెలిక లేదు, ఇన్ఫెక్షన్. కుట్లు వేసి పంపాను, వాడు బాగానే ఉన్నాడు. మూడో రోజు వాళ్ల మేనమామ మనుషుల్ని వేసుకొచ్చి, డబ్బు కోసం కోశావంటూ రిసెప్షన్ అద్దం పగలగొట్టాడు. "స్కాన్ కాగితం ఏది?" ఇదొక్కటే ప్రశ్న. పోలీసులూ అదే అడిగారు. అప్పట్నుంచి నాకు అనుమానం లేకపోయినా స్కాన్ రాస్తున్నాను. ఆ కాగితం రోగి కోసం కాదు, నా కోసం. అనుమానంతో తెరిచి చూస్తే కొందరిలో మెలిక ఉండదు, అది తప్పు వైద్యం కాదు. ఈ మాట ఏ మేనమామ వింటాడు?

గ్రేస్కేల్:
ఇది ముందే చెబితే పోయేది. మీ భయానికి నా రిపోర్ట్ కావాలి, ఆలస్యమైతే మాత్రం తప్పు నాది!

హాస్టల్‌నాన్న:
డాక్టర్ గారూ, మీ అద్దం పగిలినందుకు మావాడి బీజం పోయిందా?

కత్తెర_సూది:
మీవాడిని నేను చూడలేదండీ. చూసుంటే ఆ రాత్రి ఏం చేసేవాడినో ఇక్కడ గొప్పలు చెప్పుకోను.

హాస్టల్‌నాన్న:
నాకు మండేది వేరే. గంటగంటకూ అవకాశం తగ్గిపోతోందని ఆ రాత్రి ఒక్కరూ నాతో అనలేదు. "స్కాన్ లేకుండా తెరుస్తాం, ఏమీ లేకపోవచ్చు కూడా, సంతకం పెట్టండి" అంటే అక్కడికక్కడే పెట్టేవాడిని. "పొద్దున చూద్దాం" అన్నారు. జ్వరానికి అన్నట్టు అన్నారు. నేను టీ తాగడానికి కూడా వెళ్లొచ్చాను.

పెన్నతీరం:
అందరు తండ్రులూ పెడతారా అన్నా? మా ఊళ్లో అయితే "పిల్లాడికి రేపు పెళ్లెలా?" అని పెద్దాయన వచ్చేదాకా ఆపుతారు.

గ్రేస్కేల్:
సంతకం అడిగేటప్పుడు అందులో రెండో మాట కూడా ఉండాలి. నల్లబడి ఉంటే తీసేస్తామని. పరీక్షకు ఇచ్చిన ఒప్పుకోలు అవయవం తీయడానికి సరిపోదని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. ఈ రెండూ చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. థియేటర్ సిద్ధమయ్యేలోపు నన్ను పిలవండి, వస్తాను. నా కోసం థియేటర్ ఆపితే మాత్రం ఒప్పుకోను.

కత్తెర_సూది:
దీనికి నాకు అభ్యంతరం లేదు. ఊళ్లో ఉన్న రోజు కదా మీరు వచ్చేది. హాస్టల్‌నాన్న గారూ, ఒకటి అడగాలి. కుడివైపుది కూడా కదలకుండా కుట్టారా?

హాస్టల్‌నాన్న:
డిశ్చార్జి కాగితంలో ఎడమది తీసేశామని మాత్రమే ఉంది. కుడివైపుకి ఏమైంది?

కత్తెర_సూది:
ఏమీ కాలేదు, కంగారు పడకండి. వృషణం సంచిలో వేలాడే తీరులో పుట్టుకతో లోపం ఉంటేనే సాధారణంగా మెలిక పడుతుంది, ఆ లోపం ఎక్కువగా రెండువైపులా ఉంటుంది. అందుకే అదే ఆపరేషన్‌లో రెండోదాన్ని కూడా కరగని దారంతో కుట్టేస్తారు. కుట్టి రాయడం మర్చిపోయి ఉండొచ్చు. ఆపరేషన్ నోట్స్ కాపీ అడగండి. కుట్టకపోతే త్వరగా చేయించండి. ఈలోగా అటువైపు నొప్పి వస్తే కాగితాల కోసం చూడకుండా నేరుగా సర్జన్ దగ్గరికి తీసుకెళ్లండి. మీవాడికీ చెప్పండి, సిగ్గుపడొద్దని.

హాస్టల్‌నాన్న:
కట్టు మార్పించడానికి సోమవారం వెళ్తున్నాం, అడుగుతాను. నా మాట మాత్రం మారదు. రాత్రిపూట స్కాన్ చేసే మనిషి లేని ఆసుపత్రి బోర్డు మీద "24 గంటల అత్యవసర సేవలు" అని రాసుకోకూడదు.