కిండిల్ సీరియల్ ప్యాడ్‌లకు 3.3 వోల్టుల అడాప్టర్ కలపొచ్చా?

ప్రశ్న: నా కిండిల్ పేపర్‌వైట్ ఈ-రీడర్ బోర్డు మీద సీరియల్ ప్యాడ్‌లున్నాయి (కంప్యూటర్‌తో డేటా పంపుకునే తీగలు అతికించే చిన్న లోహపు చుక్కలు). ఎఫ్‌టీ232ఆర్‌ఎల్ చిప్ ఉన్న యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్ జంపర్ (వోల్టేజీ ఎంచుకునే చిన్న క్లిప్) 3.3లో పెట్టి నేరుగా కలిపేయొచ్చా అండీ?

జవాబు 1: వద్దండి. అక్కడ లాజిక్ (సిగ్నల్ వోల్టేజీ) 1.8 వోల్టులే. 3.3 పంపితే ప్రాసెసర్ పిన్ లోపలి రక్షణ డయోడ్ గుండా కరెంటు పారి పిన్నే పోవచ్చు. ముందు టీఎక్స్ (డేటా పంపే) ప్యాడ్‌కీ గ్రౌండ్‌కీ మధ్య మీటర్ పెట్టండి. డేటా రానప్పుడు 1.8 దగ్గర నిలవాలి.

జవాబు 2: 1కె, 1.2కె (కిలో-ఓమ్) రెసిస్టర్లతో 3.3ని 1.8కి దించొచ్చు గానీ అది సగం పనే. కిండిల్ పంపే 1.8ని చాలా అడాప్టర్లు ‘హై’గా గుర్తించవు. మీ చిప్‌కి అంతకన్నా తేలిక దారి ఉంది: జంపర్ తీసేసి, నడిమి పిన్‌కి రెగ్యులేటర్ నుంచి 1.8 ఇవ్వండి. ఆ పిన్ చిప్ 4వ కాలుకి, అంటే సిగ్నల్ వోల్టేజీని నిర్ణయించే వీసీసీఐఓకి, వెళ్తోందో లేదో ముందే మీటర్‌తో కంటిన్యూటీ (రెండూ కలిసి ఉన్నాయా అని) చూసుకోండి.

ప్రశ్న: వీసీసీ (పవర్) తీగ కూడా కలపాలా?

జవాబు 1: అస్సలొద్దు. మూడే తీగలు: గ్రౌండ్ ముందు, తర్వాత టీఎక్స్, ఆర్‌ఎక్స్ (డేటా అందుకునేది) తిరగేసి, అంటే ఒకదాని టీఎక్స్ రెండోదాని ఆర్‌ఎక్స్‌కి. టెర్మినల్ ప్రోగ్రామ్‌లో వేగం 115200, 8ఎన్1 (8 డేటా బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్), ఫ్లో కంట్రోల్ ఆఫ్. టంకం వేసేముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. ప్యాడ్‌లు ఇట్టే లేచొస్తాయి. సన్న ఎనామిల్ తీగ వాడి, పైన కాప్టన్ టేపు (వేడి తట్టుకునే ఇన్సులేషన్ టేపు) అంటించండి.